సుత్తికి దొరకని చప్పుడు

నిన్న నయా రాయపూర్‌లో తమ్ముడు కారును మలుపు తిప్పగానే ముందు చక్రం దగ్గర టకటకమంది. ఆ చప్పుడు నేను ముందే విన్నాను.

రైల్వే కాలనీలో నాతో పెరిగినవాళ్లారా, మా నాన్న సుత్తి గుర్తుందా? ఆగిన రైలు చక్రాలను ఒక్కొక్కటే కొట్టి, మోగే తీరును బట్టి పగులుందో లేదో చెప్పేవాడు. మా పాత ఎర్ర కారు మలుపుల్లో ఇలాగే టకటకమంటే, దాని చక్రాలనూ అదే సుత్తితో కొట్టి చూశాడు.

"ఖంగుమంటంది కదే, ఏటీ అవదు" అన్నాడు అమ్మతో.

వారం తిరక్కుండానే అమ్మకు పురిటినొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి వెళ్తుంటే శంకర్ నగర్ మలుపులో కారు కింద ఏదో ఠప్పున విరిగింది. గేరు పడుతోంది, ఇంజిన్ అరుస్తోంది, కారు మాత్రం కదలదు. అమ్మ పట్టుకున్న పట్టుకు నా మట్టిగాజులు చిట్లిపోయాయి. చివరికి ఆటో ఎక్కాం.

"చక్కా ఠీక్ హై సాబ్, షాఫ్ట్ టూట్ గయా" అన్నాడు తర్వాత భన్‌పురి మెకానిక్. చక్రం బాగానే ఉందట, విరిగింది షాఫ్టట. ఇంజిన్ బలాన్ని చక్రానికి అందించే కడ్డీ అది. చక్రం పక్కకు తిరిగినా కడ్డీ ఆగకుండా తిరగడానికి దాని చివర కీలు ఉంటుంది. ఆ కీలు మీది రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు కారిపోయి, దుమ్ము చేరి అరిగిపోయిందట. నిలబెట్టి కొడితే అది పలకదు. మలుపులో బరువు పడితేనే పలుకుతుంది.

"సుత్తి తేనా అక్కా?" అని నిన్న తమ్ముడు నవ్వాడు. ఆ ఆటో ఆసుపత్రి గేటు దాటకముందే పుట్టింది వీడే.

నాకు నవ్వు రాలేదు. కారు ఆపించి, దిగి, చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చాను.

వేళ్లకు గ్రీజు అంటింది.