తూర్పు గట్టు నుంచి పంతొమ్మిది అడుగులు

భర్తను మట్టిలో పెట్టుకుని, ఆ మట్టి మీదే పదకొండేళ్ళు గోధుమ పండించుకుంది గెంగ్ సూచిన్. మొగుడు పోయినా ఏడవలేదని, ఆమెది రాతిగుండె అనేవాళ్ళు ఊళ్ళో. అనేవాళ్ళకేం, నోరుంది.

చచ్చినవాళ్ళను కాల్చి తీరాలని సర్కారు నియమం. ఇటుక బట్టీలో చెయ్యి కాలినప్పటి నుంచీ ఆమె భర్త హువాయ్‌లిన్‌కు నిప్పంటే హడల్. "నన్ను పొయ్యిలో పెట్టనివ్వకు" అని ఆమె చేత ఒట్టు వేయించుకుని మరీ పోయాడు. మంచు కమ్మిన ఒక ఉదయం సూచిన్, ఆమె బావగారు కలిసి సొంత చేలోనే పాతిపెట్టారు. దిబ్బ పోస్తే పట్టుబడతామని నేల చదును చేసి గోధుమ చల్లారు. తూర్పు గట్టు నుంచి పంతొమ్మిది అడుగులు, అదే గుర్తు. బావగారూ పోయాక ఆ లెక్క ఆమె ఒక్కదాని దగ్గరే మిగిలింది.

ఊరి పొలాలు కౌలుకు తీసుకుంటామని పట్నం నుంచి కంపెనీ వచ్చింది. ఊరి పార్టీ కార్యదర్శి బావ్ చెంగ్ ఒప్పంద కాగితాలు పట్టుకుని గడప తొక్కాడు.

"వేలిముద్ర వెయ్యి పెద్దమ్మా. కౌలు ఏటా వస్తుంది, భూమి నీ పేరనే ఉంటుంది."

"నా చేను ఎక్కడికీ పోదుగా?"

"పోవడానికి దానికేమన్నా కాళ్ళున్నాయా?" అని నవ్వి, గొంతు తగ్గించాడు. "సమాధులేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. కొత్త శ్మశానానికి మారుస్తారు. కాకపోతే కాల్చి, బూడిదే పెడతారు."

"ఏమీ లేవు."

"బాగా ఆలోచించుకో."

"లేవంటున్నాగా! నీకేమన్నా చెవుడా?"

బావ్ చెంగ్‌కు తెలుసు. సగం ఊరికి తెలుసు. ఎక్కడన్నదే తెలియదు.

పంట మారినా నేల నేలేగా అనుకుని వేలిముద్ర వేసింది సూచిన్. గట్ల సంగతి ఆమెకు తట్టలేదు. ఐదు వందల మూ, అంటే ఎనభై ఎకరాల పైచిలుకు నేల ఒకే చెక్కగా కనబడితేనే కంపెనీకి సబ్సిడీ. పక్క జిల్లాకు వెల్లుల్లి తవ్వే కూలికి వెళ్ళి ఆమె వారానికి తిరిగొచ్చేసరికి బుల్డోజర్లు గట్లన్నీ తుడిచిపెట్టేశాయి. కాగితం మీద పేర్లుంచి నేల మీద హద్దులు చెరిపేస్తే, ఆ పేర్లెందుకు, నెత్తిన పెట్టుకోవడానికా?

ఆపైన టమాటా షెడ్లు లేచాయి. కలుపు తీసే కూలికి ఆమే వెళ్ళి చేరింది. ఎక్కడ అడుగు వేస్తే ఆయన మీద పడుతుందోనని మెల్లగా నడిచేది. పనిదొంగ అని మేస్త్రీ తిట్టేవాడు.

పెద్దలకు కాగితపు డబ్బు కాల్చే ఛింగ్‌మింగ్ రోజున కంపెనీకి సెలవు. బావ్ చెంగ్ పారలతో, ముగ్గురు మనుషులతో షెడ్డుకు వచ్చాడు.

"పెద్దమ్మా, ఎవరూ లేరు. చోటు చూపించు చాలు. ఉన్నవాణ్ణి ఉన్నట్టే తీసుకుపోయి వేరేచోట పెడదాం. కాల్చనివ్వను. పూచీ నాది."

ఆమె లేచింది. ఒక వరస దాటి నిలబడింది. "ఇక్కడ" అంది. మళ్ళీ నాలుగు వరసలు దాటి, "కాదు, ఇటు" అంది. ఎటు చూసినా ఒకే రకం మొక్కలు, ఒకే రకం ఇనుప కమ్మీలు.

"నాకు తెలియడం లేదు నాయనా" అని మొక్కల మధ్యే కూలబడింది.

పాతిపెట్టిన రోజున ఎవరైనా వింటారని చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తూ, గొంతు పోయేదాకా ఏడ్చింది. తెచ్చిన పారలు పట్టుకుని నలుగురూ అలాగే నిలబడ్డారు.