అవ్వ తెంచిన సీలు

2023 ఎండాకాలం. పాకాల దగ్గర ఒక కార్టింగ్ ట్రాకులో నేను టెక్నికల్ ఇన్‌చార్జిని. కార్ట్ అంటే నేలకు జానెడు ఎత్తులో పరిగెత్తే చిన్న రేసు బండి. పదేళ్ల పిల్లలు కూడా నడుపుతారు. ప్రమాదాల కథలు ఆశించేవాళ్లకు ముందే చెబుతున్నాను, నా ఉద్యోగంలో భయపడాల్సింది ట్రాకును చూసి కాదు, కంచె అవతల నిలబడ్డ తండ్రులను చూసి.

అంతవరకు ఎవరి ఇంజను వాళ్లు తెచ్చుకునేవారు. పేరుకు పిల్లల పోటీ, జరిగేది తండ్రులు పెట్టుకున్న మెకానిక్కుల మధ్య. ఆ గోల పడలేక నేనే యాజమాన్యం వెంటపడి కొత్త ఇంజను క్లాసు పెట్టించాను. పేరు ‘సీల్డ్ క్లాస్’. అందరికీ ఒకే రకం ఇంజను మేమే ఇస్తాం, చీటీలు తీసి పంచుతాం. ఎవరూ విప్పి వేగం పెంచకుండా బోల్టుల్లో తీగ దూర్చి, కరెంటు మీటరుకు వేసినట్టు సీసం బిళ్లతో సీలు వేస్తాం. తీగ తెగిందా, ఫలితం రద్దు. ఈ నియమం రాసింది నేనే, చాలా గర్వంగా రాశాను.

మొదటి పోటీలో ఐరాల రైతు రెడ్డెప్ప కూతురు లహరి గెలిచింది. పాత క్లాసులో ఆ పిల్ల ఎప్పుడూ అందరికన్నా వెనకే. రెండో స్థానం చరణ్‌ది. వాళ్ల నాయన మునిరత్నానికి తిరుపతిలో టైర్ల షాపు. ఆయన ముఖం మాడిపోయింది.

తనిఖీకి లహరి బండి దగ్గర వంగి చూస్తే, ముందురోజు నేను వేసిన సీలు లేదు. దాని చోట ఒక ఎర్రదారం, చుట్టూ పసుపు కుంకుమ.

“సూస్తిరా మేడమ్, ఇంజను విప్పినారు!” మునిరత్నం అరిచాడు.

“నేను చెయ్యి కూడా పెట్టలేదప్పా!” అన్నాడు రెడ్డెప్ప.

“అయితే కాణిపాకం రా. స్వామి ముందర ప్రమాణం చెయ్యి.”

“పద, ఇప్పుడే పోదాం!”

మా వైపు కాణిపాకం ప్రమాణానికి ఎదురు లేదు. అబద్ధమాడేవాడు ఆ దారే తొక్కడు. ఇద్దరూ కారెక్కబోతుంటే రెడ్డెప్ప తల్లి అడ్డం వచ్చింది.

“వాడెందుకు ప్రమాణం చేసేది? తెంచింది నేను.”

“ఎందుకవ్వా?” అన్నాను.

“పొద్దన బండికి పూజ చేస్తా సూసినా పాపా. ఎవురో తీగ చుట్టి సీసం బిళ్ల కట్టినారు. దానిమీద ఏందో గీతలు. మా బిడ్డ గెలవకుండా మంత్రించినారనుకున్నా. ఈడ పెట్టెలో కటింగ్ ప్లేయర్ ఉంటే దాంతో కోసేసి, స్వామి దారం కట్టినా.”

ఆ గీతలు నా సంతకం. ఆ పెట్టె కూడా నాదే.

నవ్వు వచ్చింది కానీ నవ్వలేకపోయాను. రద్దు చేస్తే లహరి తొలి గెలుపు పోతుంది. చేయకపోతే మునిరత్నం నలుగురినీ వెంటేసుకుని పాత క్లాసుకు పోతాడు. లహరి హెల్మెట్ తీయకుండా నిలబడి ఉంది. లోపల ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. నేను రాసిన నియమం మీద నాకే ఒళ్లు మండింది.

“ఫలితం రద్దు. మళ్లీ పోటీ పెడతాను. లహరి ఇంజను చరణ్‌కి, చరణ్‌ది లహరికి” అన్నాను.

మునిరత్నం వెంటనే ఒప్పుకున్నాడు. తాను దొంగదన్న ఇంజను తన కొడుక్కే వస్తుంటే ఎవరు కాదంటారు? “న్యాయంగా మాట్లాడినారు మేడమ్” అంటూ దాన్ని తన తువ్వాలుతో తుడవడం కూడా మొదలుపెట్టాడు. ఈసారి సీళ్లు అవ్వను పక్కన నిలబెట్టుకుని వేశాను.

లహరి మళ్లీ గెలిచింది, ఈసారి ఇంకా ఎక్కువ తేడాతో.

“ముసలామె ఆ ఇంజనుకు ఏందో చేసింటాది!” అన్నాడు మునిరత్నం.

చరణ్ హెల్మెట్ తీశాడు. “ఇంజను బాగుండాది నాయనా. పెద్ద మలుపులో నేను బ్రేక్ వేస్తాను. లహరి వెయ్యదు. ఎప్పుడూ వెయ్యదు.”

“ఎందుకు వెయ్యవు?” అని లహరిని అడిగాను.

“మా పాత బండికి ఆడ బ్రేక్ వేస్తే మళ్లా స్పీడు అందుకునేది కాదక్కా. అందుకే వెయ్యకుండా తిప్పేది నేర్చుకున్నా.”

మునిరత్నం లహరి ముందు వంగి అడిగాడు. “మావాడికి ఆ మలుపు కొంచెం నేర్పిస్తావా తల్లీ?”

“నేర్పిస్తా. మీరు మా అవ్వను ఏమీ అనకూడదు.”

ఆ క్లాసు ఇప్పటికీ నడుస్తోంది. అంతకుముందు అన్నేళ్లూ ఇంజన్ల వైపు చూసింది తండ్రులూ, నేనూ. ఎవరు ఎలా నడుపుతున్నారో పిల్లలకు ఎప్పటినుంచో తెలుసు. మేం అడగలేదు, అంతే.