మొదలు అరిగిన స్కేలు

అమరచింత బడిలో మా సైన్సు సారు దగ్గర ఒక్కటే కర్ర స్కేలు ఉండేది. దాని మొదలు అరిగిపోయి సున్నా గీత కనపడేది కాదు.

"ఒకటి కాడికెళ్లి కొల్వాలె. ఆఖర్ల ఆ ఒకటి తీసెయ్యాలె" అనేవారు.

మేం జవాబు చెప్పగానే స్కేలుతో బల్ల మీద మెల్లగా తట్టి, "తీసేసినవా?" అని అడిగేవారు. నేనెప్పుడూ మరిచేవాణ్ణి. ఆయన కొట్టేవారు కాదు. నేను మళ్లీ కొలిచేదాకా పక్కనే నిలబడేవారు.

పెద్దయ్యాక వడ్రంగినయ్యాను. పోయిన వానాకాలం సారు చనిపోతే, శవపేటిక చెయ్యమని నన్నే పిలిచారు.

"జర మంచిగ కొల్వు బిడ్డా" అంది సారు భార్య.

నా టేపు కొస ఎప్పుడో విరిగిపోయింది. సారు మడమల దగ్గర పది గీత పెట్టి, తల దగ్గర చూస్తే నూట డెబ్బై వచ్చింది. కళ్లు తుడుచుకుని అదే రాసుకున్నాను.

చర్చి ముందు ఆయన్ని పెట్టెలో పడుకోబెట్టాక తెలిసింది, పది తీసెయ్యలేదని. కాళ్ల దగ్గర మిగిలిన ఖాళీలో సారు భార్య దుప్పటి మడిచి పెట్టింది.

"తీసేసినవా?" అని అడిగే మనిషి పెట్టెలో ఉన్నారు.