మామ్మ కలిపిన బెల్లం నీళ్లు

మా పాప పదేళ్లకే బాగా లావైపోయింది. మెట్లెక్కితే ఆయాసం. బడిలో పిల్లలు "ఏటే డ్రమ్మూ, దొర్లుకుంటా వచ్చేవా?" అంటున్నారని ఏడ్చేది. డాక్టరు గారు కూల్‌డ్రింకులు మాన్పించమంటే ఆ రోజే మాన్పించేశాం.

మా ఆయన అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోస్తారు. ఇంట్లో బెల్లానికి ఎప్పుడూ లోటుండదు. పాప బడి నుంచి రాగానే మా అత్త పెద్ద గ్లాసుడు బెల్లం నీళ్లు కలిపి, నిమ్మకాయ పిండి ఇచ్చేది. "బెల్లం పంచదారేటి? ఒంటికి సలవ. తాగే నా తల్లీ" అనేది. మేమూ అలాగే నమ్మాం.

మొన్న మళ్లీ చూపిస్తే బరువు ఇంకా పెరిగింది. "బెల్లమైనా తీపి తీపేనమ్మా, అదీ మానేయాలి" అన్నారు డాక్టరు గారు. ఆటోలో అత్త దారంతా పాప తల నిమురుతూనే ఉంది.

ఇంటికొచ్చాక పాప దాహమంది. అత్త గ్లాసుతో వట్టి మంచినీళ్లు తెచ్చింది గానీ, ఇవ్వడానికి చెయ్యి రాక అలాగే నిలబడిపోయింది.

"ఇలాగియ్యి మామ్మా" అని పాపే అందుకుంది. గుక్కగుక్కకీ మామ్మ మొహం చూస్తూ మొత్తం తాగేసింది.

"బాగానే ఉన్నాయే మామ్మా, నువ్వేటి అలాగున్నావు?" అంది.

అప్పుడు ఏడ్చింది మా అత్త.