జపాను కవి మీద నా కుళ్లు

ఏడో తరగతి నేనే మానేశానని చెప్పుకుంటాను గానీ, నిజానికి అదే నన్ను వదిలించుకుంది. మొన్న నందిగామ బస్టాండులో బజ్జీల పొట్లం విప్పితే, ఆ కాగితం మీద మూడు లైన్ల హైకూ కనబడి పాత కడుపుమంట మళ్లీ రేగింది.

అప్పట్లో మా తెలుగు టీచరు ఒక జపాను కవి గురించి చెబుతూ కళ్లు తుడుచుకున్నారు. ఆయన జబ్బుతో మంచం పట్టి, కిటికీలోంచి కనబడిన వాన మీదా పిట్టల మీదా మూడేసి లైన్లే రాశాడట. పరీక్షలో నేనూ మూడు లైన్లే రాస్తే సున్నా వేసిన టీచరమ్మే ఈవిడ! ఆవిడ కన్నీళ్లు నాకూ కావాలనిపించింది. మర్నాడు దొంగజ్వరంతో మంచమెక్కి, మా గేదె మీద మూడు లైన్లు రాసి పంపాను. లీవు లెటరనుకుని ‘సెలవు మంజూరు’ అని రాసి పంపారు.

నిన్న జగ్గయ్యపేటలో ఆవిడ కనబడితే అడిగేశాను.

“మూడు లైన్లకి ఆయనకేమో కన్నీళ్లు పెట్టారు, నాకేమో సున్నా పెట్టారేం టీచర్?”

“ఆయన బోలెడంత దాచుకుని మూడు లైన్లు రాశాడురా. పరీక్షలో నీ మూడు లైన్లలో రెండు పక్కబెంచీవి.”