కూలర్‌లో ఓవర్‌మన్

యాకయ్య భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసేవాడు. పనికన్నా మాట ఎక్కువ. భూమి కింద మొదలుపెట్టిన వాదాన్ని పైకొచ్చి చాయ్ హోటల్లో కొనసాగించేవాడు. తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెతో గని ఆగిపోయేసరికి ఆ మాటలన్నీ క్వార్టర్‌లో వచ్చిపడ్డాయి. వినడానికి భార్య బుచ్చమ్మ ఒప్పుకోలేదు. అందుకని ఒక కుక్కపిల్లను తెచ్చుకుని ఓవర్‌మన్ అని పేరు పెట్టాడు. గనిలో తన మీద కేకలేసే అధికారి హోదా అది. ఇంట్లోనైనా ఓవర్‌మన్‌ను కూర్చో, లే అనవచ్చని అతని ఆశ.

ఆ ఓవర్‌మన్ కాస్తా, బతుకమ్మ పేర్చడానికి బుచ్చమ్మ తెచ్చిపెట్టుకున్న తంగేడు పూల మీద ఉచ్చ పోసింది.

"ఇంకొక్కసారి ఇంట్ల పోసిందంటే, మరిపెడల మా అన్న చేను కాడ కట్టేసొస్త," అంది బుచ్చమ్మ.

ఆమె అన్నదంటే చేస్తుంది. యాకయ్య మాట చివరిదాకా వినే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే.

పెట్టెలో ఉండడం అలవాటు చేస్తే కుక్క తను పడుకునే చోటు తడపదని టీవీలో ఎవరో తెల్లదొర చెప్పాడు. మూలనపడ్డ ఇనుప కూలర్‌లోంచి యాకయ్య మోటారు, ఫ్యాను, గడ్డి పీకేసి, ఒక పక్క తలుపు బిగించాడు. లోపల గోనెసంచి పరిచి ఒక ఎముక వేశాడు. ఓవర్‌మన్ లోపలికెళ్లి, ఎముక తీసుకుని బయటికొచ్చేది. పోగా పోగా లోపలే కూర్చుని కొరకడం నేర్చింది. తలుపు వేస్తే మాత్రం ఇల్లెగిరిపోయేలా అరిచేది.

"అరిసినప్పుడు తియ్యద్దు బుచ్చమ్మా. తీస్తే అరుపుకు లాభమున్నదని దానికి ఎరుకైతది. ఊకున్నంకనే తియ్యాలె," అని పాఠం చెప్పాడు. సమ్మెలో ఉన్నవాడు చెప్పాల్సిన మాటేనా ఇది అని అతనికి తట్టలేదు.

ఒకరోజు సమ్మెవాళ్లు నిరసనగా రోడ్డు మీదే వండుకుతినే వంటావార్పు పెట్టారు. యాకయ్య పొద్దున్నే కుక్కను కూలర్‌లో వేసి, జరసేపట్లో వస్తానని వెళ్లాడు. అన్నం ఉడకకముందే పోలీసులొచ్చి అందరినీ వ్యానెక్కించి ఒక ఫంక్షన్ హాల్లో పెట్టి తలుపేశారు. నినాదాలిచ్చి ఇచ్చి గొంతు బొంగురుపోయాక యాకయ్యకు కుక్క గుర్తొచ్చింది. తలుపు దబదబా బాదాడు.

"అన్నా, తలుపు తియ్యి. ఇంట్ల కుక్క ఉన్నది."

"అరిస్తే తియ్యం," అన్నాడు బయటి కానిస్టేబుల్. "సప్పుడు జెయ్యకుండ కూసో. అప్పుడు సూద్దాం."

లోపలివాళ్లంతా పగలబడి నవ్వారు. యాకయ్యకు నవ్వు రాలేదు.

సాయంత్రం వదిలిపెట్టగానే ఇంటికి పరుగెత్తాడు. బుచ్చమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"తియ్యలేదా?"

"అరిస్తే తియ్యద్దంటివి. పొద్దంత అరిసింది. ఇప్పుడే ఊకున్నది."

తలుపు తీశాడు. ఓవర్‌మన్ బయటికి రాలేదు. మూలకు మొహం పెట్టుకుని కూర్చుంది. గోనెసంచి తడిసి ముద్దయింది. యాకయ్య దాన్ని ఎత్తుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. సంచి తడిని బుచ్చమ్మ కూడా చూసింది. ఇక కుక్కకు మరిపెడే అనుకున్నాడు.

"నిన్ను గూడ తలుపేసి పెట్టిండ్రంట గదా. అరిసినవా?"

"అరిసిన."

"తీసిండ్రా?"

"తియ్యలే."

"మరి నీ ప్యాంటెట్ల పొడిగున్నది?"

"ఆ హాల్ల బాత్రూం ఉన్నది."

"దీనికేది మరి?" అంటూ బుచ్చమ్మ ఆ సంచిని లాగి, ఉతకడానికి నల్లా దగ్గరికి తీసుకుపోయింది. "ఇది యాడికీ పోదు గని, ముందు ఆ తలుపు పీకెయ్యి."