నేనొచ్చాను, మా బావ వెళ్లాడు

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి పాతపట్నం దగ్గరున్న మా ఊరికి తిరిగొచ్చిన కొత్తలో నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే ఒక ఉపన్యాసం పెట్టేవాణ్ణి. ఊరు ఖాళీ అయిపోతోంది, వలసలు ఆపాలి, మట్టి పిలుస్తోంది, రండి. చెన్నై నుంచి, విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి బొటనవేళ్లు వచ్చేవి. మనిషి మాత్రం ఒక్కడూ రాలేదు. నేను ఆ బొటనవేళ్లు చూసుకునే మురిసిపోయేవాణ్ణి.

అన్నాళ్లూ మా పొలం చేసింది మా అక్క మొగుడు, మా బావ. నేను రాగానే తీసేసుకున్నాను. "నీ సేను నువ్వు సేసుకుంతానంటే నానేటంతాను" అన్నాడు. దాన్ని ఆశీర్వాదం అనుకున్నాను.

వానలు పడి ఉభాలు మొదలయ్యాయి. వరినాట్లను మావైపు అలాగే అంటాం. నా నారు ఎదిగి సిద్ధంగా ఉంది, నాటే చేతులే లేవు. కూలికి ఒడిశా నుంచి వచ్చేవాళ్లు కూడా ఇప్పుడు మనకంటే ముందే దూరప్రాంతాల రైళ్లెక్కేస్తున్నారు. ఊళ్లో మిగిలిన కొద్దిమందీ బదులు పద్ధతిలో నాటుకుంటారు. ఇవాళ మీరు మా మడిలో వంగితే రేపు మేం మీ మడిలో వంగుతాం. ఈ సంగతి మరిచిపోయి మా మేనత్త ఇంటికి వెళ్లి, రేపు మా ఉభాలకు రమ్మన్నాను.

"మా మడిలో నువ్వెప్పుడు వంగినావు నాయినా?" అంది.

వంగకపోతేనేం, కొత్త తలపాగా చుట్టుకున్నాను కదా, అది చాలదా అనిపించింది.

చూస్తుండగానే నారు ముదరసాగింది. బాగా ముదిరితే ఇక పశువులకు వేసుకోవడమే. ఏడాది పంటా పోతుంది, నా ఉపన్యాసాల పరువూ పోతుంది. చివరికి బావే దిక్కని అక్క ఇంటికి పరిగెత్తాను.

"ఇంకెక్కడి బావ? సెన్నై ఎల్లిపోతన్నాడు. ఆమదాలవలస టేసనుకి ఇందాకే ఎల్నాడు" అంది అక్క, నా తలపాగా వైపు చూస్తూ.

బండి మీద స్టేషన్‌కు వెళ్లేసరికి, సెంట్రింగ్ పనికి పోయే మనుషుల మధ్య బావ తన బ్యాగు మీద కూర్చుని ఉన్నాడు. వచ్చిన పని మరిచిపోయి, అలవాటు కొద్దీ ఉపన్యాసం అందుకున్నాను.

"చెన్నై ఎందుకు బావా? మన ఊళ్లో పని లేదా?"

"ఉన్నాది. నువ్వు సేత్తన్నావు కదేటి."

కోపంగా అనలేదు. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారమో చెప్పినంత మామూలుగా అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. వలసలు ఆపుతానని వచ్చినవాణ్ణి, సొంత బావను దగ్గరుండి రైలెక్కిస్తున్నాను. ఊరి జనాభా మాత్రం తగ్గలేదు. ఒకడు వచ్చాడు, ఒకడు వెళ్లాడు. వచ్చినవాడికి నాటడం రాదు, అంతే తేడా.

"ఉండిపో బావా, పొలం నువ్వే చెయ్యి" అని బతిమాలాను. మేస్త్రికి మాటిచ్చేశానన్నాడు. రైలెక్కాక కిటికీలోంచి అడిగాడు.

"ఆకు ముదిరిపోతన్నాదేటి?"

మా వైపు నారును ఆకు అంటారు. తలూపాను.

"ఎల్లేముందు అందరి మళ్లలోనూ వంగినాను. ఇప్పుడు నాకు మడెక్కడిది? ఆ బదులు నీ మడికి తీర్సమని మీ అత్తకి ఫోన్ సేస్తాన్లే."

మర్నాడు తెల్లారేసరికి మేనత్త ఆడవాళ్లందర్నీ వెంటేసుకుని మా గట్టు మీద ఉంది. "మురిసిపోకు. మీ బావ మొకం సూసి వొచ్చినాం" అంది. నేనూ దిగి వంగాను. నా వరస సాగలేదు, వాళ్ల నవ్వులు ఆగలేదు.

నాటింది పచ్చబడ్డాక ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. మట్టి పిలుస్తోందని ఈసారి రాయలేదు. మొదటి బొటనవేలు చెన్నై నుంచి వచ్చింది, మా బావది. ఏడుపొచ్చింది. ఆయనకు విడిగా మెసేజ్ పెట్టాను: వచ్చెయ్ బావా, కోతలయ్యాక పొలం నువ్వే చేద్దువు గాని.

కాసేపటికి ఆయన వాయిస్ మెసేజ్ వచ్చింది. "మరి నువ్వేటి సేత్తావురా?"